నాలుగో తెడ్డు

“తినేవాళ్ళు తినండి, అలిగేవాళ్ళు అలగండి. నాకు అవతల పీపాలు కడుక్కునే పనుంది” అంటూ తోయో చారు గిన్నె బల్ల మీద పెట్టిన పెట్టుడుకి, సగం చారు అంచు దాటి ఒలికింది.

నిజానికి ఆ ఇంట్లో అలిగినవాళ్ళెవరూ లేరు. మాట్లాడనివాళ్ళు మాత్రం ఇద్దరున్నారు. ఒకరు ఇంటి పెద్ద జింపాచి, ఇంకొకరు కోడలు మిసావో. నిన్న మధ్యాహ్నం పడవ వెళ్ళి చేపల వల గుంజకు కొట్టుకున్నప్పటి నుంచి మామా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చూసుకోకపోవడం ఆ ఇంట్లో వింతేమీ కాదు. మామగారి కళ్ళలోకి కోడలు చూసే ఇల్లు కాదది. పడవలో మాత్రం వేరు. జింపాచి సరంగు. చుక్కాని తాళ్ళు రెండు చేతులా పట్టుకుని, పడవ వెనక కొసన, వెళ్ళే దారికేసి చూస్తూ కూర్చుంటాడు. మిసావోది మొదటి తెడ్డు. ఆయనకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరలో, దారికి వీపు పెట్టి కూర్చుంటుంది. తక్కిన ముగ్గురు ఆడవాళ్ళూ ఆమె వెనక కూర్చుని, ఆమె వీపు చూసి తెడ్డు వేస్తారు. దారి చూసేది సరంగు ఒక్కడే. మిగతావాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగితే పడవ తూగుతుంది.

ఇంట్లో దించుకున్న తల, తెడ్డు పట్టిన ఈ పదేళ్ళుగా, ఆమె ఎత్తేది ఆ పీట మీదే. ఆ పదేళ్ళలో మామగారి కళ్ళు ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియవు.

“చేపల కొట్టు దగ్గర నలుగురూ నన్నే అడిగారు” అత్తగారు తోయో అన్నం వడ్డిస్తూ అంది. “మీ కోడలికి ఒంట్లో బాగాలేదా, మొదటి తెడ్డు బరువు తగ్గిందట, పడవ ఎడమకు వాలిందట అని. ఏం చెప్పమంటావు అమ్మాయ్? బాగానే తింటోంది, బాగానే పడుకుంటోంది, లాగడమే మానేసిందని చెప్పనా?”

“అమ్మా, పొద్దున్నే ఎందుకు” అన్నాడు యసుహికో పత్రిక చాటు నుంచి. మిసావో మొగుడు గడియారాల కర్మాగారంలో పని చేస్తాడు. ఇంట్లో గొడవ మొదలైతే ఆయనకు బస్సు వేళవుతుంది.

“పొద్దున్నే కాకపోతే నువ్వు ఇంట్లో ఉండేదెప్పుడురా? ఆ పడవలో నోయె అనే పిల్లకు తెడ్డు పిడి వచ్చి పక్కటెముకల్లో పొడుచుకుంది. పెళ్ళి కావలసిన పిల్ల. రేపేమన్నా అయితే వాళ్ళమ్మ మన కొట్లో మిసో ముద్ద కొంటుందా?”

నేను బాగానే లాగాను అనడం మిసావోకు తేలికే. అప్పుడు పడవ ఎడమకు ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. ఆ మాట నాలుక చివర నిన్నటి నుంచీ ఉంది.

జింపాచి అన్నం తింటున్నాడు. ఊరవేసిన ముల్లంగి గిన్నె ఆయన ఎడమ చేతి వైపున ఉంది. తినే పుల్లలు పట్టుకున్న చెయ్యి అటు వెళ్ళి, గిన్నె పక్కన ఉత్త బల్ల మీద తచ్చాడింది.

తోయో మాట ఆపలేదు. “వాళ్ళమ్మ అసలే నోరు గల మనిషి” అంటూనే గిన్నె తీసి ఆయన కుడివైపు పెట్టింది. ఆయన ముక్క తీసుకున్నాడు.

ఎంతో అలవాటైన పనిలా జరిగిపోయింది. ఇన్నాళ్ళూ మిసావో ఎన్నిసార్లు చూసి ఉంటుందో. ఈ వేళ మాత్రం చూసింది చూసినట్టు గుండెలో దిగింది.

అత్తగారికి తెలుసు.

“సాయంత్రం పడవల కొట్టం దగ్గరికి రావాలి” జింపాచి చాలాసేపటికి నోరు విప్పాడు. ఎవరితో అన్నాడో తెలియనట్టు, చారు గిన్నెతో అన్నాడు. “తెడ్లు దింపాలి. పడవల క్లబ్బు నుంచి హిరబయాషి కబురు చేశాడు.”

లేచి బయటికి వెళ్ళబోతూ తలుపు చట్రానికి ఎడమ భుజం కొట్టుకున్నాడు.

“ఈ తలుపెప్పుడూ ఇంతే, వానాకాలం ఉబ్బుతుంది” అంది తోయో టక్కున.

తలుపు ఉబ్బితే మూసుకోదు గాని, ఎదురొచ్చి మనిషిని కొట్టదు కదా అనుకుంది మిసావో.

*

సోయా గింజలు పులియబెట్టి మిసో ముద్ద చేసే పీపాలు పెరట్లో పక్కకు వాల్చి ఉన్నాయి. ఒక్కొక్కటి మనిషి నడుము ఎత్తు. అత్త లోపలి నుంచి తోముతుంటే కోడలు బయటి నుంచి నీళ్ళు పోస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

“ఎప్పటి నుంచి అత్తయ్యా?”

“ఏది?”

“మామయ్యకు ఎడమవైపు కనబడకపోవడం.”

పీపాలో చీపురు ఆగింది. మళ్ళీ కదిలింది.

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నిన్న నేను ఆయన కళ్ళే చూస్తున్నాను. గుంజ దగ్గరపడుతుంటే సరంగు కళ్ళు దాని మీదికి పోతాయి కదా? మామయ్య కళ్ళు ఎక్కడికీ పోలేదు. కోడిలా తల తిప్పి తిప్పి చూస్తున్నారు. గుంజ తగిలాక కూడా ఏం తగిలిందో ఆయనకు తెలియలేదు.”

“అయితే ఆ మాట నిన్ననే గట్టు మీద అందరి ముందూ అనకపోయావా?”

“అన్నానా?”

తోయో పీపాలోంచి తల బయట పెట్టింది. జుట్టు నిండా తడి. అరవై దాటినా ఆ మొహంలో అలసట ఎప్పుడూ కనిపించదు. ఈ వేళ కనిపించింది.

“సరస్సు మీద మంచు పగిలే రోజుల నుంచి” అంది గొంతు తగ్గించి. “మొదట నాకూ తెలియలేదు. టీ పోస్తే కప్పు పక్కన పోసుకున్నారు. నిద్రమత్తు అనుకున్నాను. తర్వాత గోడ పక్కన నడవడం మొదలుపెట్టారు. డాక్టరు దగ్గరికి వెళదామంటే పడవ పందెం అవనీ అన్నారు.”

“పందెం అవనీ అని నలుగురాడవాళ్ళను నీళ్ళ మీదికి తీసుకెళతారా?”

“నా మీద అరవకు.”

“నేను అరవడం లేదు. అరిచేది మీరు. పొద్దున్నే ఊళ్ళో మాటంతా తెచ్చి నా నెత్తిన పోశారు. నేను లాగడం మానేశానని తెలిసి అన్నారా, తెలియక అన్నారా?”

తోయో చీపురు పుల్లలు ఒక్కొక్కటే సరిచేసింది.

“తెలిసే అన్నాను” అంది చివరికి. “కోడలి తెడ్డు బరువు తగ్గిందంటే వారం రోజులు నవ్వుకుని మరిచిపోతారు. సరంగు కళ్ళు పోయాయంటే మరిచిపోతారా? ఆ మనిషికి అదొక్కటే మిగిలిందే మిసావో. పట్టు మిల్లు మూతపడ్డప్పుడు కన్నీళ్ళు పెట్టుకోలేదు. తాగుడు మానమంటే మానేశాడు. ఆ తాళ్ళు లాక్కుంటే ఇంక చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు?”

మిసావో చేతిలో చెంబు నిండుగా ఉంది. పోయాలన్న సంగతి మరిచిపోయింది.

“సాయంత్రం ఆయనే సరంగని తెడ్డు దింపు. నీకు దణ్ణం పెడతాను. ఆదివారం పందెం ఒక్కటీ గడవనీ. సోమవారం నేనే చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళతాను.”

“ఆదివారం ఇంకో గుంజ తగిలితే?”

“తగలదు.”

“ఆ మాట మీరెలా చెబుతారత్తయ్యా? ఒడ్డున కూర్చునేవాళ్ళు.”

అనకూడని మాట అనేశానని అన్న మరుక్షణమే తెలిసింది. తోయో మొహం ఎర్రబడింది.

“ఒడ్డునా? ఒసేయ్, ఈ ఊళ్ళో మొదటి ఆడవాళ్ళ పడవలో తెడ్డు వేసింది ఎవరనుకున్నావు? మిల్లులో పట్టు దారం తీసి తీసి వేళ్ళు నానిపోయిన పిల్లలం, ఆ వేళ్ళతోనే లాగాం. పెళ్ళయ్యాక మా అత్తగారు, ఇంటికొక్కరు నీళ్ళ మీద చాలు అన్నారు. ఆయన ఉన్నారు కదా అని నేను ఆగిపోయాను. నేను ఆగితేనే ఆయన వెళ్ళారు. అర్థమైందా?”

అర్థం కావడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా తోయో మళ్ళీ పీపాలోకి తల దూర్చేసింది.

“నీళ్ళు పొయ్యి” అంది లోపలి నుంచి. గొంతు పీపాలో బొంగురుగా మోగింది.

మిసావో నీళ్ళు పోసింది. దింపుతానని చెప్పలేదు, దింపనని కూడా చెప్పలేదు.

*

సాయంత్రం మామగారు ముందు, కోడలు నాలుగడుగుల వెనక, సరస్సు గట్టు మీద నడిచారు. నీళ్ళ మీద సగం దాకా తీగ పరుచుకుపోయి ఉంది. ఏటా ఈ రోజుల్లో క్లబ్బు వాళ్ళంతా పడవలేసుకుని వెళ్ళి ఆ తీగను పీకి, పందేనికి దారి చేస్తారు. ఈసారి తీసిన దారి సన్నంగా, పాపిడిలా కనిపిస్తోంది. దానికి ఎడమ పక్కనే వల గుంజలు.

జింపాచి చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. వెళ్ళే దారి మధ్యలో కాక కుడి అంచు పట్టుకుని నడుస్తున్నాడు.

ఎడమవైపు సందులోంచి ఒక సైకిలు దూసుకొచ్చింది. సైకిలువాడు గంట కొట్టాడు. జింపాచి అటు తిరగలేదు. మిసావో రెండంగల్లో ముందుకొచ్చి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగింది. సైకిలు ఆయన పక్కనుంచి గాలి విసురుతూ వెళ్ళిపోయింది.

పెళ్ళయి వచ్చాక ఆమె మామగారిని చేత్తో ముట్టుకోవడం అదే మొదలు. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు.

“గంట కొట్టలేదు వాడు” అన్నాడు జింపాచి.

కొట్టాడు. మిసావో ఆయన చొక్కా చెయ్యి వదిలింది.

“నిన్న నీ తెడ్డు బాగానే ఉంది” అన్నాడు మళ్ళీ, సరస్సు కేసి చూస్తూ. “బరువేమీ తగ్గలేదు.”

ఆమె ఇంకా ఏదో వస్తుందని ఎదురు చూసింది. నిన్న ఆ మాట గట్టు మీద అని ఉంటే ఆమె రాత్రి నిద్రపోయేది.

“మామయ్యా...”

“పద. ఆలస్యమవుతుంది.”

ఆయన నడిచాడు. ఈసారి మిసావో వెనక కాక ఎడమ పక్కన నడిచింది. ఆయన వద్దనలేదు.

*

పడవల కొట్టం ఒకప్పుడు పట్టు మిల్లు గోదాము. మిల్లు యజమాని రోజుల్లో పడవ ఆయనదే, తెడ్లు ఆయనవే, లాగే చేతులు మాత్రం పనివాళ్ళవి. చుక్కాని దగ్గర యజమాని బావమరిది గొడుగు వేసుకుని కూర్చునేవాడట. ఒకసారి తన టోపీ ఎగిరిపోయిందని పందెం మధ్యలో పడవను వెనక్కి తిప్పించాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. యుద్ధం తర్వాత పడవలు పనివాళ్ళ చేతికి వచ్చాయి. క్లబ్బు పెట్టుకున్న రోజున వాళ్ళు మొదట రాసుకున్న కట్టుబాటు ఒకటే: సరంగును లాగే చేతులే ఎంచుకోవాలి.

ఎంచుకునే పద్ధతి కూడా వాళ్ళదే. ఏటా పందేనికి ముందు సరంగు గుమ్మంలో సరస్సు వైపు తిరిగి నిలబడాలి. వెనక, గోడకు ఆనించిన తెడ్ల దగ్గర నలుగురూ నిలబడతారు. సరంగు మీద నమ్మకం ఉన్నవాళ్ళు తమ తెడ్డు తీసి, పిడి చెక్క నేల మీద ఒక్కసారి కొట్టాలి; తెడ్డు దింపడమంటే అదే. ఎవరు కొట్టారో, ఎవరు కొట్టలేదో ఆయన చూడడు. నాలుగు చప్పుళ్ళూ వినబడాలి. మూడు తెడ్లతో పడవ నడవదు కాబట్టి మూడు చాలవు.

జింపాచికి ఎప్పుడూ నాలుగూ వినబడ్డాయి. నాలుగూ ఒకేసారి, పెళ్ళి బాజాలా మోగేవి. తర్వాత అందరూ టీ తాగేవాళ్ళు.

ఈ వేళ టీ కెటిల్ పొయ్యి మీద ఉన్నా ఎవరూ దాని వంక చూడటం లేదు.

“ఏమ్మా మిసావో, హరకిరి అక్క గారికి నమస్కారం పెట్టు” కినుయో నోయెను చూపించి అంది. కినుయోకి బజారులో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. రెండో తెడ్డు ఆమెది. తెడ్డు నీళ్ళలో చిక్కుకుని పిడి పొట్టలో పొడిస్తే అక్కడివాళ్ళు హరకిరి, అంటే పొట్ట చీల్చుకోవడం, అంటారు. “పక్కటెముకకు కట్టు కట్టుకుని కూడా తెడ్డు వేస్తానంటోంది. ఇలాంటి మొండిదాన్ని ఏ అత్తగారు భరిస్తుందో.”

“నొప్పేం లేదక్కా” అంది నోయె. ఆమె వయసు ఇరవై రెండు, నూడుల్స్ దుకాణంలో పని చేస్తుంది. మిసావో వంక చూసి తల వంచింది. “మిసావో అక్కా, మా అమ్మ ఏమేమో అందట. మీరు మనసులో పెట్టుకోకండి. మీరు సరిగా లాగలేదని నేను ఎవరితోనూ అనలేదు.”

మాట్లాడేటప్పుడు ఊపిరి చిన్నచిన్నగా తీసుకుంటోంది. మిసావో గమనించింది.

“అందరూ వచ్చారా?” హిరబయాషి గొంతు సవరించుకున్నాడు. మందుల దుకాణం ఆయనది, ఈ ఏడు క్లబ్బు పెద్ద. “చూడండి, నిన్నటి సంగతి నిన్నటితో సరి. పడవకు చెక్క అతికించాం. ఇది పద్ధతి ప్రకారం జరగవలసిన పని, అంతే. జింపాచి గారూ...”

జింపాచి గుమ్మంలోకి వెళ్ళి సరస్సు వైపు తిరిగాడు. పాదాలు కాస్త ఎడంగా పెట్టి, చేతులు పక్కలకు వదిలి, బడిపిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు.

నలుగురూ తెడ్ల దగ్గరికి వెళ్ళారు.

మిసావో తన తెడ్డు మీద చెయ్యి వేసింది. పిడి దగ్గర చెక్క ఆమె అరచేతికి తగ్గట్టు అరిగిపోయి ఉంటుంది. ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే అంటారు. ఈ చెయ్యి ఎత్తితే నోయె ఎముకలు, ఎత్తకపోతే మామగారి పరువు. ఇంట్లో అత్తగారు దణ్ణం పెట్టిన చేతులు కళ్ళ ముందు ఆడాయి.

కినుయో తెడ్డు ధన్ మని మోగింది.

బడిలో వంట చేసే వకాకోది రెండో చప్పుడు. మనిషిలాగే మెత్తటి చప్పుడు.

మూడోది నోయెది. తెడ్డు ఎత్తేటప్పుడు ఆమె పళ్ళ మధ్య నుంచి చిన్న మూలుగు వచ్చింది. ఎవరూ వినకూడదనుకున్న మూలుగు. మిసావో విన్నది.

ఆ మూలుగుతో ఆమె చెయ్యి తెడ్డు మీద నుంచి జారిపోయింది.

నీళ్ళు గట్టును నాకుతున్న చప్పుడు. పొయ్యి మీద కెటిల్ సన్నగా ఈల వేస్తోంది.

“మిసావో” కినుయో గొంతు తగ్గించి అంది. “ఏంటే, నిద్రపోతున్నావా?”

మిసావో చేతులు కట్టుకుని నిలబడింది.

హిరబయాషి అటూ ఇటూ చూశాడు. “సరే... ఒక్క నిమిషం ఆగుదాం. బహుశా ఎవరికో తెడ్డు సరిగా...”

“ఆగక్కర్లేదు” అన్నాడు జింపాచి, ఇటు తిరగకుండానే. “మూడు విన్నాను. నాలుగోది లేదు. కళ్ళు పోతున్నాయి గాని నా చెవులు బాగానే ఉన్నాయి హిరబయాషి.”

అప్పుడు ఆయన తిరిగాడు.

“ఎడమవైపు నాకు నీళ్ళూ లేవు, గట్టూ లేదు. చలికాలం నుంచీ అంతే. నిన్న గుంజ నాకు కనబడలేదు. మొదటి తెడ్డు తప్పేమీ లేదు. నోయె, నీ ఎముక నేను కొట్టిందే. మీ అమ్మకు నేనే వచ్చి చెబుతాను.” ఒక్క క్షణం ఆగాడు. “నిన్నే చెప్పాలి. గట్టు మీద నోరు రాలేదు.”

నడుము దాకా వంగి నలుగురికీ నమస్కరించాడు. చాలాసేపు లేవలేదు.

వకాకో ముక్కు చీదుకుంది. నోయె ఏడుస్తూ పక్క పట్టుకుంది, ఏడిస్తే నొప్పి.

“అయితే పెద్దాయనా” కినుయో అంది. “మొన్న నా కొత్త జుట్టు బాగుందన్నారు. అది కూడా చూడకుండానే అన్నారా?”

“నువ్వు కుడి పక్కన నిలబడ్డావు” అన్నాడు జింపాచి వంగినవాడు లేస్తూ. “అది నిజమే.”

నవ్వు మొదట వకాకో దగ్గర మొదలైంది. తర్వాత అందరికీ పాకింది. మిసావోకు ఏడుపు ముందొచ్చి, నవ్వు తర్వాత వచ్చింది. జింపాచి ఆమె వంక చూశాడు. తల పూర్తిగా ఎడమకు తిప్పి, ఆమె ఎక్కడుందో వెతుక్కుని మరీ చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

హిరబయాషి మాత్రం నవ్వలేదు. “అదంతా సరే. ఆదివారానికి సరంగు లేకపోతే మన పేట పడవ లేనట్టే. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ మన పడవ లేని పందెం లేదు.”

“సరంగు ఉంది” జింపాచి నోయె వైపు చెయ్యి చూపాడు. “ఈ పిల్ల తెడ్డు వెయ్యలేదు. అబద్ధం ఆడకు, నీ ఊపిరి నాకు వినబడుతోంది. కూర్చోగలదు, చూడగలదు, దుకాణంలో వంటవాడికి వినబడేలా అరవడం రోజూ చేసే పనే.”

“నేనా?” నోయె కళ్ళు తుడుచుకుంది. “తాతా, నాకు తాళ్ళు పట్టుకోవడం కూడా...”

“నేను నేర్పుతాను. తీగ ఎక్కడుందో, గాలి ఏ మూల నుంచి తిరుగుతుందో చూసి చెప్పేది కాదు, కళ్ళు మూసుకుని కూడా చెబుతాను.”

“తెడ్లు దిగాలి కదా మరి” అంది వకాకో భయంభయంగా. “నోయె గుమ్మంలో నిలబడితే ఇటు మేం ముగ్గురమే. నాలుగో తెడ్డు ఎవరు దింపుతారు?”

జింపాచి గోడ వైపు చూశాడు. నోయె వదిలేసిన తెడ్డు ఒంటరిగా ఆనుకుని ఉంది.

“దానికి మనిషి ఉంది” అన్నాడు. “రేపు సాయంత్రం వస్తుంది. రాయండి పేరు.”

ఆయన చెప్పిన పేరు విని కినుయో నోరు తెరిచింది. మూయడం మరిచిపోయింది.

*

తోయో వంటింట్లో ఆకుకూర తరుగుతోంది. గుమ్మంలో కోడలి నీడ పడగానే కత్తి ఆగింది. తల ఎత్తలేదు.

“దింపావా?”

“లేదత్తయ్యా.”

కత్తి మళ్ళీ కదిలింది. టక, టక, టక. తరిగిన కూరనే మళ్ళీ తరుగుతోంది.

మిసావో కాళ్ళు మడుచుకుని నేల మీద కూర్చుంది. తిడితే వినడానికి సిద్ధమై కూర్చుంది. తోయో తిట్టలేదు. ఆ ఇంట్లో ఎంత తిట్టయినా భరించవచ్చు గాని, తోయో మౌనం భరించడం ఎవరికీ చేత కాదు.

“నేనే చెప్పేశాను” వాకిట్లో చెప్పులు విడుస్తూ జింపాచి అన్నాడు. “కళ్ళ సంగతి. దాన్నేమీ అనకు.”

“అందరి ముందా?”

“అందరి ముందే.”

తోయో కత్తి కింద పెట్టింది. పమిట లాంటి ఎప్రాన్ కొసతో మొహం తుడుచుకుంది. ఎంత సేపు తుడుచుకుందంటే, చెమట అయితే అంత సేపు పట్టదు.

“నవ్వారా?”

“నవ్వారు. బాగా నవ్వారు. కినుయో టీ పోసింది.” జింపాచి గోడ పట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. “తోయో, నోయె చుక్కాని పట్టుకుంటుంది. దాని తెడ్డు ఖాళీ అయింది. నీ పేరు చెప్పి వచ్చాను.”

మిసావో తల వంచుకునే ఉంది. అత్తగారి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. పాదాలు కదల్లేదు.

“నన్ను అడిగే చెప్పారా?”

“అడిగితే వద్దంటావని అడగలేదు.”

“అడిగితే వద్దంటానని ఎప్పుడు తెలిసింది మీకు? పెళ్ళయిన మర్నాడు మీ అమ్మ ఇంటికొక్కరు చాలు అన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు. ఒక్క మాట అన్నారా? ఆవిడ పోయి ఇన్నేళ్ళయింది. ఒక్కనాడు వస్తావా అని పిలిచారా?”

“లేదు.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు పిలుస్తున్నాను.”

ఇంతకాలం గడిచాక రెండు ముక్కల్లో తేల్చేశాడే అనుకుంది మిసావో. ఈ మనిషి ఇంతకంటే పెద్ద మాట ఎప్పుడూ అనలేదని కూడా అనుకుంది.

తోయో కోడలి వైపు తిరిగింది. “ఏ వైపు?”

“ఎడమ అత్తయ్యా. నేనూ మీరూ ఒకే వైపు. మధ్యలో కినుయో, ఆ వెనక మీ పీట.”

“అంటే నువ్వు లాగితే నేను లాగాలి. నువ్వు ఆపితే నేను ఆపాలి.”

“పడవలో అంతే అత్తయ్యా.”

“పదహారేళ్ళు నా వెనక నడిచిందానివి.”

క్షమించమనే మాట మిసావో నోటి దాకా వచ్చింది గాని, అది ఇక్కడ అనవలసిన మాట కాదనిపించింది.

తోయో కూర గిన్నె ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“రేపు ఆ పిల్లను గుమ్మంలో నిలబెట్టి తెడ్లు దింపమంటారు కదా? నేను వస్తాను. దింపుతానో లేదో ఇప్పుడు చెప్పను. చెవులు బాగానే ఉన్నాయన్నారుగా, విందురుగాని.”

ఆమె కొట్టు వైపు వెళ్ళిపోయింది. తడి నేల మీద అడుగులు గబగబా వినిపించాయి. ఆగాయి. మళ్ళీ వినిపించాయి.

ఇంట్లో ఎప్పుడూ లేనిది, జింపాచి కోడలి మొహం కేసి సూటిగా చూసి, రహస్యంగా అడిగాడు.

“అమ్మాయ్, ఆవిడ వెళ్ళింది నాకు ఎడమవైపు నుంచి. కోపంగా వెళ్ళిందా, నవ్వుతూ వెళ్ళిందా?”

మిసావో గుమ్మం వైపు చూసింది.

“తెలియలేదు మామయ్యా” అంది. “నాకు వీపే కనిపించింది.”